విమ్‌లో లైన్ నంబర్లు: మామూలువి మేలా, రిలేటివ్ మేలా?

214వ లైనులో తప్పుందని కంపైలర్ (రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగేలా మార్చే ప్రోగ్రాం) చెబుతుంది. విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఫైలు తెరిస్తే ఎడమ అంచున 3, 2, 1, 0, 1, 2, 3 అని ఉంటుంది. 214 ఎక్కడా కనిపించదు. ఎడిటర్ పాడైందనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేసినవాళ్లను చూశాను. పాడైందేమీ లేదు. ఎవరి దగ్గరో తెచ్చుకున్న సెట్టింగుల ఫైలులో 'రిలేటివ్‌నంబర్' ఆన్ అయి ఉంటుంది.

ఫైలు మొదటి నుంచి వరుసగా లెక్కించి చూపేది 'నంబర్'. నలుగురితో కలిసి పనిచేసేటప్పుడు దీనికి సాటి లేదు. "40వ లైను చూడండి" అంటే అందరికీ అదే లైను. 214 కొట్టి పెద్ద జీ నొక్కితే నేరుగా అక్కడికే వెళతాం.

2010లో విడుదలైన విమ్ 7.3తో వచ్చిన రిలేటివ్ పద్ధతి, కర్సర్ ఉన్న లైనును సున్నాగా పెట్టుకుని మిగతావి ఎంత దూరంలో ఉన్నాయో చెబుతుంది. పైన 9 అని ఉన్న చోటికి వెళ్లాలంటే 9 కొట్టి, పైకి వెళ్లే కీ అయిన కె నొక్కితే చాలు. వేళ్లతో లెక్కపెట్టుకునే బాధ తప్పుతుంది. అయితే చెరిపేటప్పుడు చాలామంది ఒక పొరపాటు చేస్తారు. కింద 6 అని ఉన్న లైను దాకా తీసేయాలని 6 కొట్టి డి రెండుసార్లు నొక్కుతారు. చివరి లైను మిగిలిపోతుంది. కర్సర్ ఉన్న లైనుతో కలిపితే మొత్తం ఏడు కదా! డి, 6, జె (కిందికి వెళ్లే కీ) అని నొక్కితే కనిపించే అంకెకూ చేసే పనికీ లెక్క సరిపోతుంది.

ఈ రెండింటినీ కలిపి వాడుకునే వీలు 2013 నాటి 7.4లో వచ్చింది. రెండు సెట్టింగులూ ఆన్ చేస్తే సున్నా ఉండాల్సిన చోట అసలు సంఖ్య, మిగతా లైన్లకు దూరాలు కనిపిస్తాయి. ఆ అసలు సంఖ్య మాత్రం ఎడమకు జరిగి, మిగతావన్నీ కుడికి సర్దుకుని ఉంటాయి. అది లోపం కాదు, కావాలనే అలా పెట్టారు.

తెలుగులో వ్యాసం రాసుకునేవారికి మరో చిక్కు. పేరా మొత్తం ఒకే లైను కనుక తెరపై ఆరు వరుసలున్నా నంబరు ఒక్కటే ఉంటుంది. జె నొక్కితే కర్సర్ ఏకంగా తర్వాతి పేరాకు దూకుతుంది. తెరపై ఒక్క వరుసే దిగాలంటే చిన్న జీ, తర్వాత జె నొక్కాలి. ఇలాంటి ఫైళ్లలో రిలేటివ్ అంకెల వల్ల పెద్దగా ఒరిగేది లేదు, మామూలు నంబర్లే చాలు.

టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే విండోలో) విమ్ తెరిచి మౌస్‌తో కాపీ చేస్తే అంకెలు కూడా అంటుకుని వస్తాయి. అది ఏ పద్ధతిలోనైనా తప్పదు. మౌస్ సెట్టింగుకు 'ఎ' విలువ ఇస్తే ఎంపిక విమ్ చేతికి వచ్చి, పాఠం ఒక్కటే ఎంపికవుతుంది.

రోజంతా కోడ్ రాసేవారికి నేను రెండూ కలిపిన పద్ధతినే గట్టిగా సిఫారసు చేస్తాను. కర్సర్ ఉన్న లైను అసలు సంఖ్య కనిపిస్తూనే ఉంటుంది, దూరాలూ తెలుస్తాయి. స్క్రీన్ పంచుకుని ఎవరికైనా చూపించేటప్పుడు మాత్రం రిలేటివ్‌ను ఆపేయండి. అవతలివారు చెప్పే లైను మీకు, మీరు చెప్పేది వారికి వెంటనే దొరుకుతుంది.