అవసరం ముందు, పనిముట్టు తరువాత: హార్వర్డ్ వెబ్ ప్రోగ్రామింగ్ వీడియో పాఠాలపై సమీక్ష

హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఇంటర్నెట్‌లో ఉచితంగా అందిస్తున్న ‘సీఎస్50 వెబ్ ప్రోగ్రామింగ్ విత్ పైథాన్ అండ్ జావాస్క్రిప్ట్’ వీడియో పాఠాలను మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చూశాను, వాటికి అనుబంధంగా ఉన్న ప్రాజెక్టులన్నీ చేశాను. బ్రయన్ యూ బోధించిన ఈ పాఠాలు మొత్తం తొమ్మిది. వెబ్ పేజీని కట్టి, దానికి రూపమిచ్చే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌లతో మొదలై, గిట్ (కోడ్‌లో మార్పులను నమోదు చేసే పనిముట్టు), పైథాన్, జాంగో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్), డేటాబేసులు, జావాస్క్రిప్ట్ (బ్రౌజర్‌లో నడిచే భాష), యూజర్ ఇంటర్‌ఫేస్, టెస్టింగ్ మీదుగా స్కేలబిలిటీ (వాడేవారు పెరిగినా సైట్ తట్టుకోవడం), భద్రతల దగ్గర ముగుస్తాయి. చాలా పాఠాల నిడివి గంటన్నరకు అటూ ఇటూగా ఉంటుంది.

దీనికి ముందు నేను డబ్బు కట్టి మరో వీడియో కోర్సు చేశాను. అందులో బోధకుడు టైప్ చేసినదంతా నేనూ టైప్ చేశాను, అంతా చక్కగా పనిచేసింది, కానీ కోర్సు ముగిశాక ఖాళీ ఫైలు తెరిస్తే ఒక్క పేజీ కూడా సొంతంగా కట్టలేకపోయాను. ఏ పనిముట్టు ఎందుకు వచ్చిందో ఆ కోర్సు చెప్పలేదు, ఎలా వాడాలో మాత్రమే చూపింది. హార్వర్డ్ పాఠాల గొప్పతనం సరిగ్గా ఇక్కడే ఉంది: ముందుగా ఇబ్బంది మన కళ్లెదుట కనిపిస్తుంది, ఆ తరువాతే దాన్ని తీర్చే పనిముట్టు వస్తుంది.

జావాస్క్రిప్ట్ పాఠంలోని కౌంటర్ ఉదాహరణ దీనికి మంచి నిదర్శనం. బటన్ నొక్కితే తెరమీద అంకె ఒకటి పెరగాలి, అంతే. బటన్‌కు క్లిక్ ఫంక్షన్‌ను స్క్రిప్ట్‌లోనే జతచేయబోగానే ‘నల్’ (అంటే ఏమీ లేదు) అంటూ, బ్రౌజర్ తప్పులను చూపే కన్సోల్‌లో ఎర్రర్ వస్తుంది. బ్రౌజర్ పేజీని పైనుంచి కిందికి చదువుతుందనీ, స్క్రిప్ట్ నడిచే సమయానికి ఆ బటన్ ఇంకా పుట్టనే లేదనీ అప్పుడు వివరించి, పేజీ మొత్తం సిద్ధమయ్యే దాకా ఆగమని చెప్పే ‘డామ్ కంటెంట్ లోడెడ్’ను పరిచయం చేస్తారు. తరువాత పేజీని రీఫ్రెష్ చేస్తే అంకె మళ్లీ సున్నాకు చేరుతుంది, ఆ కొరతలోంచి, విలువను బ్రౌజర్‌లోనే దాచిపెట్టే లోకల్ స్టోరేజ్ ప్రస్తావన వస్తుంది. ఇంత చిన్న ఉదాహరణ మీద ఇంత సమయం ఎందుకని మొదటిసారి విసుగనిపించింది. నా సొంత కోడ్‌లో అదే ‘నల్’ ఎర్రర్ ఎదురైనప్పుడు, ఎవరినీ అడగకుండానే కారణం తెలిసింది.

జాంగో పాఠమూ ఇదే పద్ధతిలో సాగుతుంది. చేయవలసిన పనుల జాబితా యాప్‌ను కడుతూ, పనులను మొదట ఒక గ్లోబల్ వేరియబుల్‌లో దాస్తారు. అలా దాస్తే సైట్‌కు వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే జాబితా కనిపిస్తుంది కనుక, ఎవరి జాబితా వారికి ఉండాలంటే, ఒక్కొక్కరి వివరాలను విడిగా గుర్తుంచుకునే సెషన్ కావాలి. సెషన్‌ను చేర్చగానే దానికి సంబంధించిన టేబుల్ డేటాబేసులో లేదని సర్వర్ మొరాయిస్తుంది, అప్పుడు ఆ టేబుల్‌ను సృష్టించే మైగ్రేట్ కమాండ్ అవసరమవుతుంది. ఫారమ్‌ను పంపబోతే, అది మన సైట్ నుంచే వచ్చిందని రుజువు చేసే సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ లేదని జాంగో తిరస్కరించే ఘట్టాన్ని కూడా కత్తిరించకుండా ఉంచి, మరో సైట్ మన పేరిట ఫారమ్ పంపితే జరిగే నష్టాన్ని బ్యాంకు ఉదాహరణతో చెప్పడం నాకు ఎంతో నచ్చింది.

యూజర్ ఇంటర్‌ఫేస్ పాఠంలో, పేజీ మారకుండానే విభాగాలు మారే యాప్‌లో బ్యాక్ బటన్ పనిచేయాలంటే బ్రౌజర్ చరిత్రను మనమే ఎలా నమోదు చేయాలో, పేజీ అడుగుకు చేరగానే కొత్త పోస్టులు ఎలా తెప్పించాలో చూపిన భాగం ఇంటరాక్టివ్ అప్లికేషన్లు కట్టేవారికి తప్పనిసరి. అదే పాఠం చివర, ఇంటర్‌ఫేస్‌లు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రియాక్ట్‌ను కొద్దిసేపు మాత్రమే తాకుతారు. రియాక్ట్ నేర్చుకోవడమే మీ లక్ష్యమైతే ఈ కోర్సు చాలదు. డేటాబేసు పాఠం సాఫీగా ఉంది, టెస్టింగ్ పాఠాన్ని మాత్రం నిదానంగా చూడాలి.

నిజమైన చదువు ప్రాజెక్టులలో ఉంది. సెర్చ్, వికీ, కామర్స్, మెయిల్, నెట్‌వర్క్, చివరగా మనమే ఎంచుకునే క్యాప్‌స్టోన్ అని మొత్తం ఆరు. మెయిల్ ప్రాజెక్టులో సర్వర్ వైపు కోడ్ సిద్ధంగా ఇస్తారు. ఇన్‌బాక్స్ చూపడం, ఉత్తరం పంపడం, ఆర్కైవ్ చేయడం వంటివన్నీ మనం ఒకే పేజీలో జావాస్క్రిప్ట్‌తో రాయాలి. చేయవలసినది ఏమిటో స్పష్టంగా ఉంటుంది, ఎలా చేయాలో ఉండదు. నాకు దీనికి రెండు వారాలు పట్టింది, ఆ రెండు వారాలలో నేర్చుకున్నది అంతకు ముందు ఏడాదిలో నేర్చుకున్నదానికన్నా ఎక్కువ. క్యాప్‌స్టోన్‌లో జాంగో, జావాస్క్రిప్ట్ రెండూ ఉండాలి, ఫోన్ తెర మీద కూడా సరిగా అమరాలి, పాత ప్రాజెక్టులను పోలి ఉండకూడదు.

పరిమితులూ చెప్పాలి. ఈ రూపంలోని పాఠాలు 2020 నాటివి. జావాస్క్రిప్ట్ పాఠంలో కరెన్సీ మారకపు ధరలు తెచ్చిన సేవకు ఇప్పుడు నమోదు చేసుకుని పొందే కీ (అనుమతి కోడ్) కావాలి కనుక ఆ కోడ్‌ను ఉన్నదున్నట్టు నడపలేం. బోధన ఇంగ్లీషులో ఉంటుంది. ఉచ్చారణ స్పష్టమే అయినా వేగం ఎక్కువ, కనుక తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు సబ్‌టైటిల్స్ పెట్టుకుని, వేగం తగ్గించి చూస్తే మేలు. ప్రోగ్రామింగ్ అసలే తెలియనివారు నేరుగా ఇందులోకి దిగకూడదు. పైథాన్‌కు కేటాయించింది ఒక్క పాఠమే, అది మరో భాష తెలిసినవారికి సరిపోతుంది గానీ తొలిసారి కోడ్ రాసేవారికి చాలదు.

పాఠాలకూ ప్రాజెక్టులకూ ఒక్క రూపాయి కట్టనక్కరలేదు. ఎడెక్స్ (ఆన్‌లైన్ కోర్సుల వేదిక) వారి ధ్రువపత్రం కావాలనుకుంటేనే రుసుము ఉంటుంది. చూసేటప్పుడు ఒక్క పని చేయండి: తెరమీద ఎర్రర్ కనబడగానే వీడియో ఆపి, అది ఎందుకు వచ్చిందో కాగితం మీద రాసుకుని, ఆ తరువాతే బోధకుని వివరణ వినండి.