స్టుట్‌గార్టా, డబ్ల్యూటీఏ ఫైనల్సా: మన పిల్లలకు ఏది మేలు?

కోనసీమలోనో భీమవరం వైపో మట్టి కోర్టు మీద టెన్నిస్ నేర్చుకుంటున్న అమ్మాయికి ఏడాదికి ఒక్క ఇన్‌డోర్ (కప్పు కింద ఆడే) మహిళల టోర్నీ చూపించాలంటే, ఏడాది చివర మేటి ఆటగత్తెలు తలపడే డబ్ల్యూటీఏ ఫైనల్స్ కన్నా జర్మనీలోని స్టుట్‌గార్ట్ టోర్నీయే నేను చూపిస్తాను.

అది ఏప్రిల్‌లో జరుగుతుంది. ఇక్కడ దాళ్వా కోతల కాలం, మధ్యాహ్నం ఎండకి కోర్టులోకి దిగలేం. జర్మనీ టైము అప్పుడు మనకన్నా మూడున్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి, ఆ ఖాళీ గంటల్లోనే మ్యాచ్‌లు మొదలవుతాయి.

అసలు కారణం నేల. 2009 నుంచి అక్కడ కప్పు కింద ఎర్రమట్టి మీద ఆడుతున్నారు. బంతి పడ్డాక నెమ్మదించి పైకి లేస్తుంది, జారుతూ వెళ్లి కొట్టాలి. మన పిల్లలకు రోజూ ఎదురయ్యేదే ఇది. పైగా గాలి ఉండదు, ఎండ కళ్లలో పడదు. సర్వీసుకి ఎగరేసిన బంతి పక్కకి పోదు. అందుకే అడుగులు వేసే పద్ధతి, భుజం తిరిగే తీరు తేటగా కనిపిస్తాయి. మట్టి మీద ఓపికగా బంతిని తిప్పి పంపితే చాలనుకునేవాళ్లు 2025 ఫైనల్ చూడాలి. ఒస్టాపెంకో బంతిని బలంగా బాదుతూనే సబలెంకాను 6-4, 6-1తో ఓడించింది. అయితే మన తేమకి, తడి మట్టికి బంతి బరువెక్కుతుంది. అంత వేగం ఇక్కడ రాలేదని పిల్ల దిగులు పడకూడదు.

డబ్ల్యూటీఏ ఫైనల్స్ బలం వేరు. సింగిల్స్‌లో ఎనిమిది మందే, ముందు గ్రూపు మ్యాచ్‌లు. ఒక్కసారి ఓడినా ఇంటికి పోనక్కర్లేదు. 2014లో సింగపూర్‌లో గ్రూపు మ్యాచ్‌లో హాలెప్ చేతిలో 6-0, 6-2తో ఓడిన సెరీనా, ఫైనల్లో ఆ హాలెప్‌నే 6-3, 6-0తో ఓడించింది. మన హైదరాబాద్ సానియా డబుల్స్ టైటిల్ గెలిచిందీ అక్కడే: ఆ ఏడాది కారా బ్లాక్‌తో, 2015లో హింగిస్‌తో. ఓడితే బెంబేలెత్తే పిల్లకైనా, డబుల్స్ ఇష్టపడే పిల్లకైనా ముందు ఇదే చూపించాలి.

కానీ అది హార్డ్ కోర్టు, అంటే మట్టి కాని గట్టి నేల. ఇప్పుడు నవంబరులో జరుగుతోంది, మనకేమో తుపాన్ల టెన్షన్, బడి రోజులు. అన్నిసార్లూ కప్పు కిందే జరుగుతుందనీ లేదు. 2023లో కాన్‌కున్‌లో ఆరుబయట పెడితే గాలివానకి ఫైనల్ సోమవారానికి వాయిదా పడింది.

ఏది చూపించినా ఒక సెట్టంతా స్కోరు వదిలేసి ఒక్క ఆటగత్తె పాదాలే చూడమనండి. మర్నాడు పొద్దున్నే కోర్టులో రాకెట్ లేకుండా అవే అడుగులు వేయించండి.