‘జెర్సీ’: కొడుకు దృష్టిలో తండ్రి స్థానం

గౌతమ్ తిన్ననూరి రచించి, దర్శకత్వం వహించిన ‘జెర్సీ’ 2019 ఏప్రిల్ 19న విడుదలైంది. దానికి నాలుగు రోజుల ముందే క్రికెట్ ప్రపంచ కప్‌కు భారత జట్టును ప్రకటించగా, అందులో మా గుంటూరులో పుట్టిన బ్యాట్స్‌మన్ అంబటి రాయుడికి చోటు దక్కలేదు. అలాంటి వారంలో, ప్రతిభ ఉండి కూడా భారత జట్టులోకి రాలేకపోయిన ఒక బ్యాట్స్‌మన్ కథ అనగానే ఇక్కడి ప్రేక్షకులు సహజంగానే క్రికెట్ కోసం థియేటర్‌కు వెళ్లారు. అయితే నా దృష్టిలో ఇది ప్రధానంగా ఒక తండ్రి సినిమా.

అర్జున్ (నాని) ఒకప్పుడు రంజీ (రాష్ట్ర జట్ల మధ్య జరిగే దేశవాళీ క్రికెట్ పోటీ) ఆటగాడు. ఆట మానేసి చాలా కాలమైంది, ఉద్యోగంలో సస్పెన్షన్‌లో ఉన్నాడు, ఇల్లు భార్య సారా (శ్రద్ధా శ్రీనాథ్) జీతం మీద నడుస్తోంది. కొడుకు పుట్టినరోజు కానుకగా భారత జట్టు జెర్సీ అడుగుతాడు, దాని ఖరీదు 500 రూపాయలు. మొదటి సగమంతా ఈ 500 రూపాయల చుట్టూనే తిరుగుతుంది, సినిమా గొప్పదనమంతా అక్కడే ఉంది. స్నేహితులను అడగడానికి నోరు పెగలకపోవడం, భార్య పర్సు వైపు చెయ్యి వెళ్లడం, ఒక చారిటీ మ్యాచ్‌లో ఆడేందుకు ఒప్పుకోవడం, ఇవన్నీ ఆ చిన్న మొత్తం కోసమే. లోకమంతా తనను చేతకానివాడిగా లెక్కగట్టినా కొడుకు మాత్రం ఇంకా అలా అనుకోవడం లేదు కాబట్టి, ఆ ఒక్కడి దగ్గర మాట పోగొట్టుకోకూడదని ఆ మనిషి పడే తాపత్రయాన్ని దర్శకుడు ఉపన్యాసాలు లేకుండా, చిన్నచిన్న చూపులతో, ఆగిపోయిన మాటలతో చూపించాడు. పొద్దున్నే పిల్లవాణ్ణి, కిట్ బ్యాగును స్కూటర్ మీద ఎక్కించుకుని మైదానానికి తీసుకువెళ్లే తండ్రులు మా ఊళ్లో చాలామందే ఉన్నారు. వారికి ఈ భాగం ఎంత దగ్గరగా తగులుతుందో వేరే చెప్పనక్కరలేదు.

36 ఏళ్ల వయసులో మళ్లీ బ్యాట్ పట్టి రంజీ జట్టుకు ఎంపికైన అర్జున్, రైల్వే స్టేషన్‌లో రైలు హోరులో గొంతెత్తి అరిచే సన్నివేశం నాని నటజీవితంలోనే అత్యుత్తమమైన వాటిలో ఒకటని నా నమ్మకం. ఏళ్ల తరబడి మింగిన అవమానమంతా ఆ అరుపులో బయటికి వస్తుంది. కొడుకుగా చేసిన రోనిత్ కమ్రా ఎక్కడా గడుసుదనం ప్రదర్శించకుండా నిజమైన పిల్లవాడిలాగే ఉన్నాడు. కోచ్ మూర్తిగా సత్యరాజ్ నిండుగా కనిపించారు.

రెండో సగంలో మ్యాచ్‌లు ఎక్కువయ్యాయి. అర్జున్ వరుసగా పరుగులు చేస్తూ పోతుంటే ఉత్కంఠ సన్నగిల్లుతుంది. పైగా ఆ సమయంలో తండ్రీకొడుకులు కలిసి ఉండే ఘట్టాలు తగ్గిపోవడం పెద్ద లోటు. సారా పాత్రకు కూడా కోపం తప్ప మరొక పార్శ్వం ఇవ్వడంలో రచన ఆలస్యం చేసింది. నవీన్ నూలి ఎడిటింగ్‌కు జాతీయ అవార్డు వచ్చింది, ఉత్తమ తెలుగు చిత్రం పురస్కారమూ దీనికే దక్కింది. ఆ రెండింటికీ సినిమా అర్హమైనదే. అనిరుధ్ సంగీతం భావోద్వేగాన్ని మోస్తుందే తప్ప దాని మీద పడి నలపదు.

ముగింపు గురించి ఇక్కడ చెప్పడం న్యాయం కాదు. అర్జున్ ఆట ఎందుకు మానేశాడన్న ప్రశ్నకు అక్కడ దొరికే జవాబు, అంతకుముందు చూసిన సన్నివేశాలన్నింటినీ మరోసారి చూడాలనిపించేలా చేస్తుంది. పదేళ్లు దాటిన పిల్లలున్న వారు వారిని పక్కన కూర్చోబెట్టుకుని చూడటం మంచిది.