వ్యాక్యూమ్‌కి తగిలించే సైక్లోన్: నాలుగు నెలలు వాడాక

ఇంటి వెనక రేకుల షెడ్డులో టేకు పీటలు, స్టూళ్లు చేస్తుంటాను. చెక్కను నునుపు చేసే సాండర్ పెడితే చాలు, పది నిమిషాల్లో వ్యాక్యూమ్ ఫిల్టర్ పూడుకుపోయి లాగడం మానేసేది, అందుకే పొట్టు వ్యాక్యూమ్‌లోకి చేరకముందే వేరుచేసే ఈ ప్లాస్టిక్ సైక్లోన్ కొని 20 లీటర్ల పెయింట్ బకెట్ మూతకి బిగించాను. బాగా పనిచేస్తోంది. లోపల గాలి సుడి తిరుగుతుంటే రంపపు పొట్టు, బరువైన పొడి బకెట్‌లోకి జారిపోతాయి. మూత దగ్గర గాలి చొరబడితే మాత్రం అంతా మళ్లీ ఫిల్టర్‌లోకే! పాత సైకిల్ ట్యూబు కోసి వాషర్‌లా వేశాను, సరిపోయింది. పల్చటి బకెట్ వద్దు, పైపు మూసుకుపోతే లోపలికి నొక్కుకుపోతుంది.

అయితే దీంతో గాలి శుభ్రమైపోతుందనుకోకండి. బాగా సన్నటి దుమ్ము సైక్లోన్‌ని దాటిపోతుంది, వ్యాక్యూమ్‌లో హెపా ఫిల్టర్ (అతి సన్నటి దుమ్మును కూడా పట్టేది) లేకపోతే తిరిగి షెడ్డులోకే వస్తుంది. సాయంత్రం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు చూస్తే నాకే భయమేసింది, మిషన్ ఆపి చాలాసేపైనా పొడి ఇంకా తేలుతూనే ఉంది. చెక్క పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే చెప్పింది. సైక్లోన్ కొనండి, కానీ ఎన్95 మాస్కు కూడా కొనండి, పని అయిపోగానే తీసేయకండి.