షిర్లీ జాక్సన్ భయమా, స్టీఫెన్ కింగ్ భయమా?

దెయ్యాల కొంప కథల్లో మీ అభిమాన రచయిత ఎవరని అడిగితే నేను ఈ ఇద్దరి దగ్గరే ఆగిపోతాను. జాక్సన్ 1959లో రాసిన 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్', కింగ్ 1977లో రాసిన 'ది షైనింగ్' వరసగా చదివితే తేడా ఇట్టే తెలుస్తుంది.

కింగ్ భయాన్ని సన్నసెగ మీద మరిగిస్తాడు. కొలరాడో కొండల్లో, మంచుకు దారులు మూసుకుపోయిన హోటల్. కింద ఒక పాత బాయిలర్. ఎప్పటికప్పుడు ప్రెషర్ దించకపోతే పేలిపోతుందని మొదట్లోనే చెప్పేస్తాడు. ఇక పేజీ తిప్పినప్పుడల్లా ఆ మీటరు ముల్లు మీదే మన ధ్యాస. తాగుడు మానాలని తంటాలు పడే తండ్రి, అన్నీ ముందే పసిగట్టే ఐదేళ్ల డానీ మన ఇంటి మనుషులైపోతారు. అందుకే అంత టెన్షన్.

జాక్సన్‌కి ఇంత సరంజామా అక్కర్లేదు. చీకట్లో పక్క గదిలోంచి గొంతులు. కథానాయిక ఎలినార్ భయంతో స్నేహితురాలి చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. లైటు వెలిగేసరికి స్నేహితురాలు అవతల తన మంచం మీద ఉంటుంది. మరి ఇంతసేపూ పట్టుకున్నది ఎవరి చెయ్యి? జాక్సన్ జవాబు చెప్పదు. ఆ పేజీ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నిడివిలో జాక్సన్‌ది చిన్న పుస్తకం, కింగ్‌ది లావుపాటిది. కొత్తగా హారర్ మొదలుపెట్టేవాళ్లకి కింగే తేలిక. నా ఓటు మాత్రం జాక్సన్‌కే. కింగ్ కూడా 1981లో వచ్చిన తన వ్యాసాల పుస్తకంలో హిల్ హౌస్‌ని ఆకాశానికెత్తాడు.