కోపెన్‌హాగెన్‌లో సైకిల్: గైడుతోనా, సొంతంగానా?

డెన్మార్క్ సైకిల్ సంస్కృతిని కొత్తవారికి పరిచయం చేయడానికి కోపెన్‌హాగెన్‌లో రెండు దారులున్నాయి: గైడు వెంట గుంపుగా తిరగడం, లేదా సైకిల్ అద్దెకు తీసుకుని సొంతంగా బయల్దేరడం.

గైడు ఉంటే ముందుగా దక్కేది భద్రత. అక్కడ కుడివైపు నడపాలి. ఎడమకు అలవాటు పడిన మనకు అదే పెద్ద పరీక్ష. కూడలిలో సైకిల్ మీద నేరుగా ఎడమకు తిరగకూడదు. తిన్నగా అవతలి మూలకు చేరి, ఆగి, అటువైపు పచ్చదీపం వెలిగాకే కదలాలి. ఆగబోయే ముందు చెయ్యి పైకెత్తాలి. చాలా సైకిళ్లకు పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది, కొత్త కాళ్లు కంగారుపడతాయి. పక్కన ఒకరుండి చెబితే ఇవన్నీ త్వరగా పట్టుబడతాయి.

కానీ గుంపు ఎక్కువగా ఆగేది నూహౌన్ లాంటి పర్యాటక స్థలాల్లోనే. ఊరివాళ్లకు సైకిల్ వినోదం కాదు, ఆఫీసుకూ బడికీ దుకాణానికీ వెళ్లే వాహనం. అది చూడాలంటే పనిదినం ఉదయం రాణి లూయిస్ వంతెన దగ్గరికి సొంతంగా వెళ్లాల్సిందే. సూటు వేసుకున్న ఉద్యోగులు, ముందున్న పెట్టెలో పిల్లలను కూర్చోబెట్టుకుని తొక్కే తల్లులు, వాన పడినా ఆగని వరస! 2014లో తెరిచిన నారింజరంగు సైకిల్ వంతెన మీద రేవు నీళ్లను దాటడం మరో ఆనందం. అలసిపోతే ఎస్-టోగ్ లోకల్ రైల్లో సైకిల్‌కు టికెట్ అక్కర్లేదు; మెట్రోలో మాత్రం కొనాలి.

ట్రాఫిక్‌లో సైకిల్ తొక్కిన అలవాటు ఉన్నవారికి సొంత దారే మేలంటాను. పిల్లలతో వచ్చినవారు, తొక్కి ఏళ్లయినవారు గైడును పెట్టుకోవాలి, రద్దీ వేళలు తప్పించుకోవాలి.