ఉత్త ట్రైపాడ్ చాలా, ట్రాకర్ కొనాలా?

పాలపుంత మొదటి ఫొటో చూసుకుని మురిసిపోయిన నాలుగు రోజులకే ఈ ప్రశ్న పుడుతుంది. ట్రాకర్ అంటే చుక్కల వెంట కెమెరాను మెల్లగా తిప్పే చిన్న యంత్రం.

ఖర్చు: ట్రైపాడ్ కొన్ని వేలలో వస్తుంది. ట్రాకర్‌కు పదుల వేలు. పైగా దాన్ని మోసేందుకు గట్టి ట్రైపాడ్ ఎలాగూ కావాలి.

వెలుగు: భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. కదలని ట్రైపాడ్ మీద 24 మి.మీ. లెన్స్‌తో 20 సెకన్లు దాటితే చుక్కలు గీతలవుతాయి, 200 మి.మీ. అయితే రెండు సెకన్లకే. ట్రాకర్ ఆకాశంతో పాటు కెమెరాను తిప్పుతుంది కాబట్టి నిమిషాల తరబడి వెలుగు పట్టవచ్చు. కానీ అప్పుడు కింద ఉన్న కొండలు, చెట్లు అలుక్కుపోతాయి.

శ్రమ: ట్రైపాడ్‌తో ఫోకస్ కుదిరితే పని అయినట్టే. ట్రాకర్ అక్షాన్ని మాత్రం ధ్రువ నక్షత్రం పక్కనే ఉండే ఆకాశ ధ్రువం వైపు గురిపెట్టాలి. మనకు అసలు తిప్పలు ఇక్కడే. హైదరాబాద్ అక్షాంశం సుమారు 17 డిగ్రీలు. ధ్రువ నక్షత్రం దిక్చక్రానికి దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది. ఒక చింతచెట్టు చాలు దాన్ని దాచేయడానికి. అలా వెతుకుతూ నేను గంటన్నర పోగొట్టుకున్నాను, ఈలోగా మబ్బు కమ్మింది.

గండికోట లోయ మీద వేసవి పాలపుంత కావాలంటే ట్రైపాడే మేలు. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ మసక చేతులు విడివిడిగా కనిపించాలంటే ట్రాకర్ కొనండి. నగరం డాబా మీదే తీస్తానంటారా? ముందు ఆ డబ్బుతో చీకటి కోసం నల్లమల వైపు బస్సెక్కండి, అమావాస్య చూసుకుని.